గుఱి దిద్దుబాటు

చిత్తూరు మండలమున మా మేనమామగారికి వేరుసెనగ చేలుండెడివి. పంటకాపుదలకై లైసెన్సు పొందిన తుపాకి యొకటి వారి యింట నుండెడిది. అది మూతినుండి మందు దట్టించి కాల్చు పాతకాలపు టొంటిగొట్టపు తుపాకి. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల దానిని ఠాణాలో నొప్పగించి రసీదు పుచ్చుకొనుటయు, ఎన్నికలు ముగిసిన పిదప మఱల దెచ్చి గోడకు దగిలించుటయు ఆయనకు వ్రతమువలె సాగుచుండెను. సాధారణముగా దానిలో వట్టి మందు మాత్రమే దట్టించి, రాత్రులందు పందులు బెదరునట్లు మ్రోగించెడివారు. ఒక సంక్రాంతినాడు చుట్టములు కూడియుండగా తన గుఱి చూపవలెనని ముచ్చటపడి, సీసపు గుండొకటి వైచి, నలువది గజముల దూరమున గట్టుమీద సున్నపుబొట్లు పెట్టి నిలిపిన కుండపై గాల్చిరి. కుండ కదలలేదు. మఱల గాల్చిరి. కదలలేదు. మందు చెమ్మగిల్లినదనిరి, గాలి యడ్డము వచ్చినదనిరి, ఎవరో పిల్లవాడు తుమ్మినాడనిరి. మూడవమాఱు కాల్చుటకు మా యత్తగా రొప్పుకొనలేదు. సాయంకాలము పొరుగు రైతు వచ్చి తన మోటారు కొట్టము తలుపున చిల్లి పడినదని చెప్పువఱకు, ఆ గుండ్లెక్కడికి బోయినవని మాలో నొక్కరును విచారింపలేదు. ఆ పగలంతయు కొట్టములో నెవ్వరును లేకపోవుట మా యదృష్టము.

గుండు తగులలేదే యని చింతించుట వేఱు. కుండకు తగులక మఱెక్కడ తగిలినదని వెదకుట వేఱు. తుపాకి చరిత్రలో నీ రెండవ ప్రశ్నను శ్రద్ధతో నడుగుటకు మూడు నాలుగు శతాబ్దములు పట్టినది. ఇంటింట చదువు పత్రికలో తుపాకి ప్రసంగమేల యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. కొనివచ్చిన పప్పును తూచుటకు ముందు త్రాసు సరిగా నున్నదో లేదో చూచుకొనువారికి ఈ విషయము పరాయిది కాదని నా నమ్మకము.

మొదట కొన్ని మాటలు తేటపఱుపవలసియున్నవి. తుపాకులు రెండు తెగలు. గొట్టము లోపల నున్నగా నుండునవి కొన్ని, లోపల మెలిదిరిగిన గాళ్లు కోసినవి కొన్ని. రెండవ తెగను రైఫిలందురు. మెలిగాళ్లలో నొరసికొనుచు వెడలిన గుండు బొంగరమువలె తిరుగుచు పోవును; కావున మూతి యెటు చూచుచుండునో అటే చాలదూరము సాగును. నున్నని గొట్టమునకు ఈ గుణము లేదు. కాని దానిలో చిన్న చిన్న సీసపు రవలు నింపి పిట్టలను కొట్టవచ్చును. అవసరమైనచో గొట్టమునకు సరిపడు గుండు నొక్కదానినే వైచి పెద్ద మృగమును కొట్టవచ్చును. పన్నెండవ నంబరు తుపాకి యనుమాట మనలో పలువురు వినియుందురు. ఆ గొట్టమున సరిగా నమరు సీసపు గుండ్లు పన్నెండు కలిసి యొక పౌను తూగునని దాని యర్థము. ఆ గొట్టపు లోవెడల్పు ఇంచుమించు 0.73 అంగుళము.

రవలు చెదరి పోవును. నలువది గజములు పోవునప్పటికి చాటంత చోటు నాక్రమించును. గుఱి కొంత తప్పినను ఏదో యొక రవ పిట్టకు తగులును. వేటకాడు తనంతవాడు లేడనుకొనును. ఒంటిగుండు అట్లు దాపఱికము చేయదు. ఎంత తప్పిన నంతయు బయటపెట్టును.

18వ శతాబ్దమున ఇంగ్లీషు సిపాయి భుజమున మోసిన మస్కెట్టు గొట్టపు లోవెడల్పు 0.75 అంగుళము, దానిలో వైచు గుండు 0.69 అంగుళము ప్రాంతము. మసిబట్టిన గొట్టములోనికి వేగముగా జాఱవలెనని గుండును వదులుగా చేసిరి. అది గోడలకు తాకుచు దూకుచు వచ్చి, కడపట ఏ ప్రక్కను తాకిన దాని కెదురు ప్రక్కకు పోయెడిది. గుఱిచూచుటకు వెనుక నేమియు లేదు. ముందు మూతికడ బాయినెట్టు తగిలించుకొను చిన్న మొలకయే కలదు. సిపాయిని గుఱిచూడుమని ఆజ్ఞాపించుటకంటె తుపాకి చాపి కాల్చుమని ఆజ్ఞాపించుటయే నాటి కవాతుపద్ధతి. కర్నల్ హాంగరను నతడు 1814లో వ్రాయుచు, అట్టి తుపాకి 80 గజముల కడ మనుష్యునికి తగులవచ్చుననియు, 200 గజముల దూరమున నున్నవానిపై గుఱిచూచి కాల్చుట వ్యర్థమనియు నిర్భయముగా చెప్పెను. అయినను సేనానులు దానితోనే రాజ్యములు గెలిచిరి. ఏలయన, భుజము భుజమునకు తగులునట్లు నిలిచిన వందమంది యొక్కమాఱు కాల్చినచో నది యొక పెద్ద రవల తూటాయే. గుంపులో నొక్కొక్కని తప్పు గుంపులోనే కలిసిపోవును.

తప్పును గుంపునుండి వేఱుచేసి కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్. ఇతడు 1707లో ఇంగ్లండునందలి బాత్ పట్టణమున, యుద్ధమును నిరసించు క్వేకరు కుటుంబమున పుట్టెను. గణితశాస్త్రజ్ఞుడు. 1742లో ఇతడు ప్రకటించిన ఫిరంగిశాస్త్ర గ్రంథము చిన్నదియే; కాని దానితో ఆ శాస్త్రము పుట్టువే మాఱినది. అంతకు పూర్వము గుండు వేగమును ఊహించిరేగాని కొలుచు నుపాయము లేకుండెను. రాబిన్స్ బరువైన చెక్కదిమ్మ నొకదానిని ఉయ్యాలవలె వ్రేలగట్టి, దానిలో గుండు దిగునట్లు కాల్చి, దిమ్మ యెంతదూర మూగినదో ఒక నాడా జాఱుటనుబట్టి కొలిచి, దానినుండి గుండు వేగమును గణించెను. మస్కెట్టు గుండు సెకనుకు 1,600 అడుగులకు పైగా పోవుచున్నదనియు, దాని నడ్డగించు గాలి యొత్తిడి పండితులనుకొన్నదానికంటె ఎన్నో రెట్లెక్కువయనియు తేలినది.

నాకు అంతకంటె ప్రియమైనది అతని కాగితపు తెరల పరీక్ష. తుపాకిని కదలకుండ బిగించి, గుండు పోవు త్రోవలో పలుచని కాగితపు తెరలను వరుసగా వ్రేలగట్టి కాల్చెను. ప్రతి తెరలోను చిల్లి పడును. చిల్లులను వరుసగా చూచిన గుండు నడచిన త్రోవ కనబడును. ఆ త్రోవ నిట్టనిలువు తలమున లేదు. ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు వంగుచు పోయెను. పోనుపోను వంపు హెచ్చెను. గొట్టపు గోడను రాచుకొని వచ్చుటవలన గుండు తిరుగుచున్నదనియు, తిరుగు గుండును గాలి ప్రక్కకు నెట్టుచున్నదనియు రాబిన్స్ నిర్ణయించెను. ఆ కాలపు గణితజ్ఞులలో మేటియైన ఆయిలర్ 1745లో నీ గ్రంథమును జర్మను భాషలోనికి దెచ్చి గొప్ప వ్యాఖ్యానము వ్రాసెను గాని యీ యొక్క సంగతి నొప్పుకొనలేదు. గుండు సరిగా గుండ్రముగా లేకపోవుటయే కారణమని యాతని మతము.

రాబిన్స్ వాదమునకు దిగక మఱియొక పరీక్ష చేసెను. ఒక మస్కెట్టు గొట్టపు మూతికడ కొంత భాగమును ఎడమకు వంచెను. వంపుగల గొట్టములో గుండు కుడిగోడ వెంబడి దొరలుచు రావలెను గదా! తన సిద్ధాంతము నిజమైనచో గుండు మొదట వంపుననుసరించి ఎడమకు వెడలి, పిదప కుడికి తిరుగవలెనని ముందుగానే చెప్పెను. కాల్చి చూచిరి. అట్లే ఎడమకు వెడలి, దూరమున కుడికి వంగినది. ఎడమకు వంచిన తుపాకి కుడికి కొట్టునని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో, దానిని నలుగురి యెదుట కాల్చి చూపుటకు అంతకు మించిన వినయము కావలెను. ఈ ప్రభావమునకు పేరు మాత్రము నూఱేండ్ల తరువాత 1852లో పరిశోధించిన మాగ్నస్ అను జర్మను శాస్త్రజ్ఞునిదే నిలిచినది. 1747లో రాబిన్స్ రాయల్ సొసైటీవారియెదుట మెలిగాళ్ల గొట్టమును గూర్చి ప్రసంగించి, దాని స్వభావమును ముందుగా గ్రహించిన జాతికి యుద్ధమున పైచేయి యగునని చెప్పెను.

ఈయన జీవితము ముగిసినది మన ప్రాంతముననే యన్న సంగతి మనలో చాలమంది యెఱుగరు. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణపు కోటను పట్టుకొని 1749లో తిరిగి యిచ్చిరి. కోటలను బాగుచేయించుటకు తూర్పు ఇండియా కంపెనీవారు రాబిన్స్‌ను తమ ఇంజనీరు జనరలుగా నియమించిరి. అతడు 1750లో కడలూరికడ సెంటు డేవిడ్ కోటకు చేరి, ఆ కోటకును చెన్నపట్టణపు కోటకును పథకములు గీయుచుండగనే జ్వరపడి 1751 జూలైలో చనిపోయెను. ఏండ్లు నలువదినాలుగు. డూప్లే, క్లైవు, బుస్సీల పేర్లు మన బడిపిల్లలు వల్లించెదరు; కాగితపు తెరలు కట్టినవాని పేరు వినియుండరు. ఆతని విద్య మనలను లొంగదీయుటకే యుపయోగపడినదని తోసివేయుట న్యాయము కాదు. తన తప్పును తెరమీద చూచుకొను పద్ధతి యే కంపెనీవారి సొత్తును కాదు.

రాబిన్స్ చెప్పిన మాట ఫలించుటకు నూఱేండ్లు పట్టినది. మెలిగాళ్ల గొట్టమున గుండును దట్టించుట మిక్కిలి జాగుపని గావుటచే సైన్యములు దానిని దూరముంచినవి. 1849లో ఫ్రాన్సున మినియే అను నతడు కూర్చిన, అడుగున గుంటగల కోలగుండు ఆ చిక్కును తీర్చినది: వదులుగా దిగును, మందు మండగా నుబ్బి గాళ్లను పట్టుకొనును. ఇంగ్లీషువారి 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఈ జాతిదే. దాని గొట్టముపై వెనుకభాగమున నిచ్చెనవంటి గుఱిపరికరము నమర్చిరి. దూరమునుబట్టి దానిని లేపవచ్చును, దింపవచ్చును. గుఱిని దిద్దుకొనుట యనునది సామాన్య సిపాయి చేతిలోనికి వచ్చుట యిదియే ప్రారంభమని చెప్పవచ్చును.

ఆ రైఫిలు తూటా కొవ్వు మన దేశమున రేపిన చిచ్చు అందఱు నెఱిగినదే. దాని తరువాతి కథ అంతగా తెలియదు. 1857 నాటి తిరుగుబాటు అణగిన పిదప, దేశీయ సిపాయిల చేతిలో మంచి రైఫిళ్లుంచుట క్షేమము కాదని సర్కారువారు తలచిరి. 1858లో అదే ఎన్‌ఫీల్డు గొట్టమును లోపల తొలిచి గాళ్లు పోజేసి నున్నచేసిరి; లేపి దింపు వెనుక గుఱిని తీసివేసి దాని స్థానమున కదలని దిమ్మ నొకదానిని బిగించిరి. తొలిచిన గొట్టములు పలుచనై ఉబ్బుచుండుటచే 1859లో దళసరి గొట్టముతో మఱియొక మాదిరి చేసిరి. చూచుటకు దొరగారి తుపాకియు సిపాయి తుపాకియు నొకే తీరున నుండెడివి. ఒకటి తన తప్పు దిద్దుకొనగలది, మఱియొకటి దిద్దుకొనలేనిది. ఒక జాతిని నమ్మకపోవుటను ఇంత చిన్న యినుపముక్కతో వ్రాసిపెట్టిన దస్తావేజు మఱియొకటి నేను చూడలేదు. 1878లో లిట్టను ప్రభువు కాలపు ఆయుధముల చట్టము మనవారిలో సామాన్యులకు లైసెన్సు లేనిదే తుపాకి కూడదని శాసించి, ఐరోపావారిని ఆ కట్టుబాటునుండి తప్పించినది. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానమున, కట్టుబాట్లకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును చేర్చుటలోని యుడుకు ఇట్టిది. స్వాతంత్ర్యానంతరము 1959లో క్రొత్త చట్టము వచ్చినది. రక్షణకును వేటకును 20 అంగుళములకు తక్కువగాని నున్నని గొట్టపు తుపాకిని, పంటకాపుదలకు మూతిమందు తుపాకిని అది ప్రత్యేకముగా పేర్కొన్నది. మా మేనమామగారి తుపాకి యీ వంశములోనిదే.

ఇక నున్నని గొట్టపు తుపాకి సంగతి. సైన్యమునుండి తొలగిన పిదప అది పిట్టల తుపాకియై నిలిచినది. ఎగురు పిట్టను కొట్టునపుడు తీరికగా గుఱిచూచుటకు వ్యవధి యుండదు. చూపు పిట్టపై నుండగా తుపాకి దానంతట వెంబడించవలెను. అందుచే మూతిపై నొక చిన్న యిత్తడి పూస తప్ప వేఱు గుఱి లేదు, అవసరమును లేదు. కాని అడవిలో నడచువానికి పిట్టయు పులియు ఒక్కనాడే ఎదురగుట కలదు. 1885లో ఫాస్బరీ యను నతడు ఒక యుక్తి చేసెను. ఇతడు బంగాళ సైన్యమున పనిచేసి, 1863లో వాయవ్యపు సరిహద్దున అంబేలా పోరాటమునందు విక్టోరియా క్రాసు పొందినవాడు. గొట్టమంతయు నున్నగా నుంచి, మూతికడ కొలది యంగుళములు మాత్రమే మెలిగాళ్లు కోసెను. రవలు చెదరక పోవును. ఒంటిగుండు తిరుగుచు పోవును. హాలండ్ అండ్ హాలండ్ అను లండను కంపెనీవారు దీనిని “పారడాక్స్” అను పేర అమ్మిరి. విరుద్ధములు రెండొకచోట నిముడుట యని దాని భావము. ఇండియాలోను ఆఫ్రికాలోను అడవులు త్రొక్కు దొరలకు ఇది యిష్టమైనది. పూసతోపాటు దీనికి వెనుక గుఱియు నుండెడిది.

రెండు గొట్టముల తుపాకిలో మఱియొక చిక్కు కలదు. ఒకే గుఱి, రెండు గొట్టములు. రెండును సమాంతరముగా నదికినచో, కుడిగొట్టము కాల్చిన తుపాకి కుడికి తన్నుకొనును, ఎడమది కాల్చిన ఎడమకు. కావున మూతులను కొంచెము లోనికి తిప్పి యతుకుదురు. ఎంత లోనికి? ఏ లెక్కయు పూర్తిగా చెప్పజాలదు. పనివాడు కాల్చి చూచి, అతుకు కరగించి, నడుమనున్న చిన్న యినుప చీలను వెండ్రుకవాసి నెట్టి, మఱల అతికి, మఱల కాల్చును. రెండు గుండ్లు ఒకచోట చేరువఱకు ఇట్లు చేయవలెను. మంచి తుపాకి వెలలో నధికభాగము ఈ యోర్పునకే చెల్లించుచుంటిమని చెప్పిన తప్పులేదు.

బీదవాని తుపాకి కట్టి మూతిగాళ్లు లేవు, లండను పనివాడు లేడు. వాని కొఱకు గుండునే మార్చిరి. 1898లో జర్మనీదేశపు లైప్‌జిగ్ పట్టణమున బ్రెన్నెకె యను నతడు కూర్చిన ఒంటిగుండునకు సీసపు తల ముందు, ఒత్తిన ఉన్నిబిళ్ల వెనుక. బాణమునకు ఈకెలవలె వెనుకటి తేలికబిళ్ల తలను ముందునకే త్రిప్పియుంచును. ప్రక్కల నున్న గట్లు, మూతి సన్నముగా నున్న గొట్టములో నలిగి త్రోవ చేసికొనుటకు. 1931లో అమెరికాలో కార్ల్ ఫాస్టర్ అను నతడు వేఱొక తీరు చేసెను. దర్జీవాడు వ్రేలికి తొడుగుకొను తొడుగువలె లోపల బోలుగానుండు సీసపు గుండది. బరువంతయు ముందుభాగమున నుండుటచే తలక్రిందులు కాదు. ఔన్సు బరువు, పన్నెండవ నంబరు గొట్టమునుండి సెకనుకు 1,500 అడుగులకు మించి వెడలును. అది ఆర్థికమాంద్యపు కాలము. ఇంట నున్న పిట్టల తుపాకితోనే జింకను కొట్టగలిగినచో, రైఫిలు కొనలేని కుటుంబమునకు చలికాలపు మాంసము దొరకును. మఱియు ఆ దేశమున ఒహాయో, ఇల్లినాయి, అయోవా మొదలగు, ఊళ్లు దగ్గఱగానుండు బయలు రాష్ట్రములలో జింకవేటకు రైఫిలు కూడదని చాలకాలము నిషేధముండెను. రైఫిలుగుండు తప్పినచో మైళ్లు పోవును. ఒంటిగుండు త్వరగా వేగము కోల్పోవునని వారి తర్కము. ఇట్లు లక్షలకొలది మంది పిట్టల తుపాకితో రైఫిలు పని చేయవలసివచ్చినది.

ఆ పని పూసతో సాగదు. పూస యొక్కటే యున్నచోట వెనుక గుఱి యేది? కాల్చువాని కన్నే. చెంప కొయ్యపై నెచ్చట నానినదో దానినిబట్టి కన్ను మీదికి, క్రిందికి, ప్రక్కకు మాఱును. చిన్న లెక్క వేయుదము. కంటికిని పూసకును నడుమ 36 అంగుళము లనుకొందము. గుఱి 50 గజముల దూరము, అనగా 1,800 అంగుళములు, అనగా ఏబదిరెట్లు. కన్ను అంగుళములో నెనిమిదవ వంతు మీదికి లేచిన గుండు గుఱికడ ఆఱంగుళములకు పైగా మీదికి పోవును. జింక గుండెయు ఊపిరితిత్తులు నుండుచోటు ఎనిమిది తొమ్మి దంగుళముల వెడల్పు. గుండు ఆ చోటు తప్పి కడుపున తగిలినచో మృగము వెంటనే పడదు. పొదలలోనికి పోయి గంటలకొలది విలవిలలాడి చచ్చును. వేట మంచిదా చెడ్డదా యను చర్చ యటుండనిండు. వేటాడుదునని పూనినవానికి ఈ యెనిమిదవ వంతు లెక్క తెలియకుండుట క్రూరత్వమే.

అందుచే ఒంటిగుండు గొట్టములకు వెనుక చీలికగుఱి, ముందు నిలువుమేకు నమర్చిరి. పిదప చిన్న రంధ్రపు గుఱులు, దుర్భిణిగుఱులు వచ్చినవి. 1980 తరువాత గొట్టమంతయు మెలిగాళ్లు కోసి, సన్నని గుండును ప్లాస్టిక్ తొడుగులో నుంచి కాల్చు పద్ధతి వ్యాపించినది. పరికరమెట్టిదైనను దిద్దుబాటు సూత్రమొక్కటే: గుండు ఎటు పోవలెనని కోరుదుమో వెనుక గుఱిని అటు జరుపవలెను. గుండు ఎడమకు పడుచున్నచో వెనుక గుఱి కుడికి. క్రిందికి పడుచున్నచో వెనుక గుఱి మీదికి. ముందుమేకు దీనికి సరిగా విరుద్ధము. చుక్కానిపిడిని ఎడమకు నెట్టిన పడవ కుడికి తిరిగినట్లు. ఈ భేదము తెలియక తారుమాఱుగా జరిపి, తప్పును రెట్టింపుచేసికొని, తుపాకిని తిట్టువారు అన్ని దేశములందును గలరు.

ఎంత జరుపవలెనన్నది త్రైరాశికము. తప్పిన దూరమును రెండు గుఱుల నడిమి దూరముచే గుణించి, కాల్చిన దూరముచే భాగింపవలెను. గుఱుల నడుమ 18 అంగుళములు, కాల్చినది 1,800 అంగుళములు, గుండ్లు 5 అంగుళములు ఎడమకు పడినవనుకొందము. జరుపవలసినది 0.05 అంగుళము. పెండ్లిపత్రిక లట్టలు మూడు నాలుగు చేర్చినంత మందము! దుర్భిణిగుఱిలో ఈ పని మరచుట్టుతో నగును. సాధారణముగా మర యొక్కమాఱు టిక్కుమన్న 100 గజముల కడ పావంగుళము, 50 గజముల కడ అందులో సగము మాఱును. పై యైదంగుళములకు నలువది టిక్కులు.

ఇది చదివి సులభమని తలపవలదు. కష్టము లెక్కలో లేదు. దేనిని లెక్కించవలెనన్నదానిలో నున్నది. చెదరుట వేఱు, తప్పుట వేఱు. బల్లపై ఇసుకసంచుల నుంచి, వానిపై తుపాకి నానించి, ఒకే గుఱితో మూడు గుండ్లు కాల్చినను మూడును ఒక చిల్లిలో పడవు. నున్నని గొట్టమునుండి 50 గజముల కడ నాలుగైదంగుళముల మేర చెదరుట సామాన్యము. దీనిని ఏ మరయు దిద్దలేదు. ఆ మూడింటి నడిమిచోటు గుఱినుండి ఎంత తొలగినదో అదియే తప్పు. దానిని మాత్రమే దిద్దవచ్చును. ఒక్క గుండు కాల్చి, అది ప్రక్కకు పడెనని వెంటనే మర త్రిప్పువాడు చెదరుటను తప్పనుకొని దిద్దుచున్నాడు; రెండవ గుండు మఱొకచోట పడగా మఱల త్రిప్పును; సాయంకాలమునకు మొదటికంటె చెడియుండును. బిడ్డకు ఒకనాడు జ్వరము వచ్చిన నొక వైద్యుని, మఱునాడు మఱొకని మార్చు నింటివారి తీరు ఇట్టిదే.

కావున అనుభవజ్ఞులు మొదట మరమేకులన్నియు బిగువుగా నున్నవో లేదో చూతురు. వెనుక ఎత్తైన మట్టిగట్టు గలచోట, 25 గజముల దూరమున పెద్ద కాగితము నిలిపి, మూడు గుండ్లు తాపీగా కాల్చి, గొట్టము చల్లారనిచ్చి, నడిమిచోటు గుర్తించి, గుఱి జరిపి, పిదప 50 గజములకు పోయి మఱల మూడు కాల్తురు. 50 గజముల కడ సరిగా కుదిరిన గుండు 100 గజముల కడ అయిదాఱంగుళములు క్రిందికి దిగును. ఆ దిగుటను కాగితముపైనే చూచి జ్ఞాపకముంచుకొందురు. తూటా మాఱినచో అంతయు మొదటికే వచ్చును. ఒక కంపెనీ తూటాతో కుదిరిన గుఱి మఱియొకదానితో ఏ దిక్కుగా తప్పునో ముందు చెప్పుట కలవిగాదు. చవుకగా దొరకినవని పరీక్షకు తేలికపాటి తూటాలు, వేటకు బలమైనవి వాడుట తనను తాను మోసగించుకొనుటయే.

ఇన్ని చేసినను ఒక దోషము మిగులును. ఈ తూటా భుజమును గట్టిగా తన్నును. రెండు మూడు కాల్చిన పిదప శరీరము ఆ తన్నును ముందుగానే ఊహించి, మీట నొక్కు క్షణమున ఉలికిపడును, కన్ను మూసికొనును, మూతి దిగును. ఇది కాల్చువానికి తెలియదు, పైగా నొప్పుకొనడు. దీనిని పట్టుటకు చక్కని యుపాయము కలదు. వేఱొకడు తుపాకిని చేతికిచ్చుచు, ఒకమాఱు తూటా పెట్టి, ఒకమాఱు పెట్టక యిచ్చును. వట్టి తుపాకి మీట నొక్కినప్పుడు మూతి గుభాలున క్రిందికి దిగుట చుట్టునున్నవారందఱకు కనబడును. అప్పుడు గాలిమీద గాని మందుమీద గాని నెపము మోపుటకు వీలులేదు. తుపాకి ప్రేలనే లేదు గదా!

ఒంటిగుండు త్వరగా నేలకు దిగును గనుక రైఫిలుకంటె క్షేమమను తర్కమును పైన చెప్పితిని. చాలకాల మిది విచారణ లేకయే నిలిచినది. 2007లో పెన్సిల్వేనియా రాష్ట్రముకొఱకు జరిగిన పరిశోధనలో, తుపాకి నెత్తి కాల్చినప్పుడు రైఫిలు గుండే మిక్కిలి దూరము పోవునని తేలినది. కాని నేలకు సమాంతరముగా కాల్చినప్పుడు, నేలను దాకి మఱల నెగిరిన ఒంటిగుండు రైఫిలు గుండుకంటె దూరము పోవుచుండెను. బరువైన మెత్తని సీసపు ముద్ద పగులక జాఱిపోవుటయే కారణము. చట్టములు చేసినవారును గుండు ఎక్కడికి బోయినదని వెదుకకయే నమ్మిరన్నమాట. ఒహాయో 2014లో కొన్ని విధముల రైఫిలు తూటాలకు అనుమతి నిచ్చినది. తరువాత మఱికొన్ని రాష్ట్రములును అట్లే చేసినవి.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో సరదావేటకు కాలము చెల్లినది. పంటను పాడుచేయు పందినైనను అధికారుల యనుమతి లేనిదే కొట్టరాదు. మా మేనమామగారు కాలముచేసిన పిదప ఆ తుపాకిని ఠాణాలో నప్పగించిరి, మఱల తెచ్చుకొనలేదు.

కొన్నేండ్ల క్రిందట ఆ యూరికి పోయినప్పుడు, కుండ నిలిపిన గట్టును, ఆయన నిలిచిన చింతచెట్టును ఆనవాలుపట్టి, మోటారు కొట్టము వఱకు టేపుతో కొలిచితిని. చింతచెట్టునుండి తలుపు 100 గజములు. చెట్టునుండి కుండమీదుగా గీచిన గీతకు కుడిప్రక్కన 40 అంగుళముల దూరమున చిల్లి యున్నది. ఆయన కంటికిని తుపాకిపూసకును నడుమ 45 అంగుళము లనుకొన్నచో దూరము ఎనుబదిరెట్లు. కన్ను గొట్టము నడిమిగీతనుండి అర అంగుళము కుడికి తొలగియుండవలెను. కొయ్యమీద చెంప సరిగా నాని యుండదు. లేక అది చెదరుటయే కావచ్చును. ఒక్క చిల్లినిబట్టి చెప్పరాదని పైన నేనే వ్రాసితిని. రెండవ గుండెక్కడ తగిలినదో వెదకితిని, దొరకలేదు. తలుపు నింకను మార్చలేదు. చిల్లికి లోపలివైపున నూనెడబ్బా రేకుముక్క నొకదానిని మేకులతో కొట్టియున్నారు.